ప్రకటన గ్రంథం తెరవాలంటే భయం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

మాస్టారికి వందనాలు. నాకు ముప్పై ఆరేళ్లు. తణుకు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టింటివాళ్లు బ్రదరెన్ సహవాసం. అత్తగారిది గుంటూరు వైపు, తాతల నాటి నుంచీ లూథరన్లు. రెండేళ్ల కిందట మా అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటినుంచీ అంత్యదినాల గురించి సరిగ్గా తెలుసుకోవాలని తపన. ప్రకటన గ్రంథం రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ ఆరో అధ్యాయం దాటలేకపోయాను. గుర్రాలు, భూకంపం, రక్తంలా మారిన చంద్రుడు. రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో వచ్చేవి సరేసరి. మృగం ముద్ర అంటే ఆధార్ కార్డే అని ఒకరు, క్యూఆర్ కోడ్ అని ఒకరు. పుట్టింట్లో సంఘం ఎత్తబడటం, ఏడేళ్ల శ్రమలు అన్నీ చార్టు వేసి చెబుతారు. అత్తగారింట్లో ఆ ఊసే ఉండదు, "రాకడ ఉంది, అది చాలు" అంటారు మామగారు. మొన్న మా తొమ్మిదేళ్ల పాప, "అమ్మా, నేను స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు ఎత్తబడిపోతే నన్ను ఇంటికి ఎవరు తీసుకొస్తారు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఎవరి వీడియోలూ చూడకుండా, బైబిలు చేతపట్టుకుని నాకు నేనుగా నేర్చుకోవాలని ఉంది. రోజూ రాత్రి అరగంట దొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? అమ్మ సమాధి మీద ప్రకటన 14:13 రాయించాం. ఆ వాక్యం ఉన్న పుస్తకాన్నే తెరవలేకపోతున్నానని బాధగా ఉంది.

ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, వందనాలు.

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి మీది, ఒకటి పాపది. పాపదే ముందు తీసుకుంటాను. మీరు ఎక్కడ మొదలుపెట్టాలో దాని జవాబులోనే ఉంది.

ఎత్తబడటం (ప్రభువు వచ్చినప్పుడు నమ్మినవాళ్లు ఆయన్ని ఎదుర్కోవడానికి పైకి కొనిపోబడటం) అని మనం అనే మాటకు ఆధారం థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 4వ అధ్యాయం, 13 నుంచి 18 వచనాలు. మన బైబిల్లో అక్కడున్న మాట "కొనిపోబడుదుము" అని. ఆ ఆరు వచనాలు ఎవరికి, ఏ సందర్భంలో రాశాడో చూడండి. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఉంది: పౌలు థెస్సలొనీకలో మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో లేఖనాలు విప్పి చెప్పాడు, ఊళ్లో అల్లరి రేగింది, సహోదరులు రాత్రికి రాత్రే ఆయన్ని బెరయకు పంపించేశారు. కొత్తగా నమ్మినవాళ్లు అక్కడ మిగిలిపోయారు. తర్వాత వాళ్లలో కొందరు కన్నుమూశారు. ప్రభువు వచ్చేదాకా అందరం బతికే ఉంటామనుకున్న ఆ సంఘానికి పెద్ద దిగులు పట్టుకుంది. మరి పోయినవాళ్ల సంగతేమిటి? వాళ్లు ఆ రోజును చూడకుండానే పోయారా?

అమ్మను సమాధి చేసి ఇంటికొచ్చిన కూతురు అడిగే ప్రశ్న అది. దానికి పౌలు చెప్పిన జవాబు: "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడకండి, ముందు వాళ్లే లేస్తారు, తర్వాత బతికున్న మనం "వారితోకూడ ఏకముగా" ప్రభువును ఎదుర్కొంటాం. "వారితోకూడ" అన్న మాట కింద గీత గీసుకోండి. విడిపోయినవాళ్లు మళ్లీ కలుసుకోవడం గురించి రాసిన వచనాలివి. తల్లిని బిడ్డ దగ్గర్నుంచి లాగేసుకుపోతారని భయపెట్టడానికి పౌలు ఇవి రాయలేదు. చివరి వచనంలో వీటిని ఎలా వాడాలో కూడా ఆయనే చెప్పాడు: "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుడి." ఈ మాటలు విన్న పిల్ల ఏడుస్తూ పడుకుంటోందంటే, చెప్పినవాళ్లు 17వ వచనం దగ్గరే ఆపేశారన్నమాట. పాపకు 18 దాకా చదివి వినిపించండి. "అమ్మమ్మను, నిన్ను, నన్ను కలిపి ఒకచోట చేర్చే రోజు గురించి ఇది" అని చెప్పండి. బడి నుంచి ఎవరు తీసుకొస్తారన్న దానికి వేరే జవాబు కావాలి. "నేనే వస్తాను, నాకు కుదరకపోతే నాన్న వస్తాడు" అని చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లకు వేదాంతంతో పాటు ఆ భరోసా కూడా కావాలి.

అందుకని మీ అధ్యయనం ప్రకటన గ్రంథంతో వద్దు. ఈ రెండు థెస్సలొనీక పత్రికలతో మొదలుపెట్టండి. రెండూ కలిపి ఎనిమిదే అధ్యాయాలు, మీ అరగంటలో ఒకసారి చదివేయొచ్చు. క్రీ.శ. 50 ప్రాంతంలో రాసినవి, పౌలు పత్రికల్లో అన్నిటికన్నా ముందువాటిలో ఇవి ఉన్నాయి. వారం రోజులు వీటినే తిరగేయండి. రెండో పత్రిక 2వ అధ్యాయంలో మీ వాట్సాప్ బాధే కనిపిస్తుంది. ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో పుకారు లేపారు, అది పౌలు దగ్గర్నుంచే వచ్చిన ఉత్తరమని కూడా చెప్పుకున్నారు. పౌలు వాళ్లను "త్వరపడి చంచలమనస్కులు కాకుండవలెననియు, బెదరకుండవలెననియు" బతిమాలుకున్నాడు. మూడో అధ్యాయంలో పని మానేసి తిరుగుతున్నవాళ్లను మందలించాడు, నెమ్మదిగా పని చేసుకుని సొంత తిండి తినమన్నాడు. రాకడ గురించి అంత గట్టిగా నమ్మిన మనిషి ఇచ్చిన సలహా అది.

తర్వాత మత్తయి 24. పక్కనే లూకా 21 కూడా తెరిచి పెట్టుకోండి. రెండింట్లోనూ ప్రసంగం దేవాలయం గురించే మొదలవుతుంది. ఆ రాళ్లను చూడమని శిష్యులు అంటే, రాయి మీద రాయి నిలవదని యేసు అంటాడు. అది ఎప్పుడని వాళ్లు అడుగుతారు. లూకాలో యెరూషలేము చుట్టూ దండ్లు దిగడం స్పష్టంగా ఉంది. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు నాయకత్వంలో పట్టణం పడిపోయింది, దేవాలయం కాలిపోయింది. కాబట్టి ఈ అధ్యాయాల్లో ఆ తరంవాళ్లు కళ్లారా చూసిన సంగతులున్నాయి, ఇంకా రావలసిన మనుష్యకుమారుని రాకడా ఉంది. ఏ వచనం దేనికి చెందుతుందన్న దగ్గర భక్తిపరులైన పండితులే ఒక మాట మీద లేరు. మీరూ తొందరపడి తేల్చేయవద్దు. అయితే మత్తయి 24:36లో ఏ సందేహమూ లేదు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప దూతలకూ తెలియదు, "కుమారుడైనను" ఎరుగడు. ఎవరైనా తేదీ చెబితే ఈ వచనం చూపించండి, వాదించనక్కర్లేదు.

తేదీల మాట వచ్చింది కాబట్టి విలియమ్ మిల్లర్ సంగతి చెప్పాలి. మీలాగే ఒంటరిగా, బైబిలు చేతపట్టుకుని చదివిన మనిషి ఆయన. అమెరికాలో రైతు, తర్వాత బాప్టిస్టు బోధకుడు. దానియేలు 8:14లో ఉన్న 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్క కట్టాడు. క్రీస్తు రాకడ 1843, 1844 మధ్య వస్తుందని తేల్చాడు. ఆయన వెంట నడిచినవాళ్లు చివరికి 1844 అక్టోబర్ 22 అని తేదీ పెట్టుకున్నారు. కొందరు చేలో పంట కోయకుండా వదిలేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లింది. ఆ జనం ఏడ్చిన ఏడుపు గురించి చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మిల్లర్ మోసగాడు కాడు, నిజాయితీగలవాడు, లెక్క కూడా శ్రద్ధగానే వేశాడు. లోపమంతా పునాదిలో ఉంది. అందుకే ఎంత శ్రద్ధగా చదివినా ఒంటరిగా చదవవద్దంటాను. మీకో తోడు కావాలి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

నాకూ ఇలాంటి అనుభవం ఉంది. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైనప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. బబులోను ఉన్న దేశం ఇరాక్ మీద బాంబులు పడుతున్నాయి, ఇశ్రాయేలు మీద క్షిపణులు పడుతున్నాయి. మా ప్రాంతంలో జరిగిన కూటాల్లో ఒక ప్రసంగీకుడు, ఇదే అంతమని, ప్రకటన 18లోని బబులోను పతనం మన కళ్ల ముందే నెరవేరుతోందని చెప్పాడు. నేను ఒక నోటుపుస్తకం పెట్టి, రోజూ దినపత్రికలోంచి ముక్కలు కత్తిరించి, ఒక్కో ముక్క పక్కన ఒక్కో వచనం రాసుకున్నాను. ఫిబ్రవరి నెలాఖరుకు యుద్ధం ముగిసింది. నా పుస్తకంలో రాసిన ఒక్కటీ నేను రాసినట్టు జరగలేదు. అది కాదు నన్ను బాధించింది. ఆ రెండు నెలలూ నేను బైబిలు చదవనే లేదు, పేపరే చదివాను. ముందు వార్త, తర్వాత దానికి సరిపోయే వచనం. ఆ వచనం ముందూ వెనకా ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ప్రసంగానికి భయపడి మా బంధువుల్లో ఒకాయన కూతురి పైచదువు మాన్పించేశాడు. ఆ అమ్మాయికి ఇప్పుడు యాభై దాటాయి. ఆమెను చూసినప్పుడల్లా, భయపెట్టే బోధ ఎంత ఖరీదు కట్టించుకుంటుందో గుర్తొస్తుంది.

సరే, దానియేలు. మొత్తం ఒక్కసారి చదవండి గాని, నిలబడి చూడవలసినవి 2, 7, 8 అధ్యాయాలు. ముఖ్యంగా 8. అందులో రెండు కొమ్ముల పొట్టేలు, దాన్ని పడగొట్టే మేకపోతు కనిపిస్తాయి. ఇవేమిటో మనం ఊహించుకోనక్కర్లేదు. 20, 21 వచనాల్లో దూతే చెబుతాడు: పొట్టేలు మాదీయ పారసీకుల రాజులు, మేకపోతు గ్రీకుల రాజు. అంటే ఈ తరహా దర్శనాల్లో జంతువు అంటే రాజ్యం, కొమ్ము అంటే రాజు అని బైబిలే మనకు తాళంచెవి ఇచ్చింది. ఆ తర్వాత వచ్చే చిన్న కొమ్ము బలిని ఆపేసి, పరిశుద్ధ స్థలాన్ని పాడుచేస్తుంది. క్రీ.పూ. 167లో అంతియొకు ఎపిఫనేసు అనే రాజు యెరూషలేము దేవాలయంలో సరిగ్గా ఆ పనే చేశాడు. ఇది తెలిశాక ప్రకటన 13లో సముద్రంలోంచి మృగం లేచినప్పుడు మీరు ఉలిక్కిపడరు, "దీన్ని ఇదివరకే చూశాం కదా" అనుకుంటారు.

దానియేలు 12:4లో గ్రంథాన్ని "ముద్రింపుము" అని ఉంటుంది. అచ్చు వేయమని కాదు, ముద్ర వేసి మూసిపెట్టమని. మన పాత అనువాదం భాషలో ఇలాంటివి చాలా ఉన్నాయి, పక్కన తేలిక భాషలో ఉన్న మరో తెలుగు అనువాదం కూడా ఉంచుకోండి. ఈ మాటను గుర్తుపెట్టుకుని ప్రకటన 22:10కి వెళ్లండి. అక్కడ దూత దాన్ని రాసిన యోహానుతో ఈ గ్రంథానికి ముద్ర వేయవద్దంటాడు. దానియేలుకు మూసిపెట్టమన్నాడు, యోహానుకు తెరిచి ఉంచమన్నాడు. మీరు తెరవడానికి భయపడుతున్న పుస్తకం తెరిచి ఉంచమని ఆజ్ఞ పొందిన పుస్తకం.

ఇక ప్రకటన గ్రంథం. మొదటిసారి కూర్చుని పైకి చదవండి, మౌనంగా వద్దు. 1:3లో ధన్యత చదివేవాడికీ వినేవాళ్లకూ ఉంది. ఒకడు బిగ్గరగా చదువుతుంటే సంఘమంతా వినడానికి రాసిన ఉత్తరం ఇది. ఇరవై రెండు అధ్యాయాలూ పైకి చదవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మీ వారినీ కూర్చోబెట్టి ఇద్దరూ మార్చి మార్చి చదవండి. ఏదీ ఆపి అర్థం వెతకవద్దు. సంక్రాంతికి హరికథ వింటున్నట్టు వినండి. ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు మళ్లీ మళ్లీ తిరిగి రావడం, మధ్యమధ్య పరలోకంలో పాటలు, కళ్లతో చదివినప్పుడు తెలియని ఆ నడక చెవికి తెలుస్తుంది.

తర్వాత రెండు, మూడు అధ్యాయాల్లో ఏడు సంఘాల దగ్గర తీరిగ్గా ఆగండి. ఈ ఏడు ఊళ్లూ నిజమైన ఊళ్లు, ఇప్పటి టర్కీ పడమటి భాగంలో ఉన్నాయి. స్ముర్న ఇప్పటి ఇజ్మీర్. యోహాను ఉన్న పత్మాసు ఆ తీరానికి దగ్గర్లోని చిన్న ద్వీపం. యోహాను ఈ దర్శనం చూసింది దొమితియను చక్రవర్తి పాలన చివర్లో, అంటే క్రీ.శ. 95 ప్రాంతంలో అని రెండో శతాబ్దపు బిషప్పు ఇరేనియస్ రాశాడు. అంతకు ముందటి నీరో చక్రవర్తి కాలమే అనేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడైనా సరే, చక్రవర్తిని దేవుడని మొక్కనివాడికి బతుకు కష్టమైన ఊళ్లవి.

లవొదికయ ఒక్కటి ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే మన ప్రసంగాల్లో దీన్ని నలిపేశారు. "వెచ్చగానైనను చల్లగానైనను" లేవు, "నులివెచ్చనగా" ఉన్నావు, ఉమ్మివేస్తాను అంటాడు ప్రభువు. మనకు చిన్నప్పటి నుంచీ చెప్పింది, వేడి అంటే భక్తి, చల్లన అంటే భక్తి లేకపోవడం అని. మరి భక్తి లేకుండా చల్లగా ఉన్నా ఫరవాలేదని ప్రభువు ఎందుకంటాడు? ఆ ఊరి నీళ్ల సంగతి తెలిస్తే తేటపడుతుంది. లోయకు అవతల హియెరాపొలి, ఇప్పటి పాముక్కలె, వేడినీటి ఊటల ఊరు. జనం ఒళ్లునొప్పులకు స్నానాలకు వెళ్లేవారు. ఇంకోవైపు కొలొస్సయిలో కొండ నుంచి వచ్చే చల్లని తాగునీరు. లవొదికయకు సొంత ఊట లేదు, రాతి గొట్టాల్లో దూరం నుంచి తెచ్చుకునేవారు, ఆ గొట్టాల్లో పేరుకున్న సున్నం ఇప్పటికీ కనిపిస్తుంది. వేడినీళ్లూ పనికొస్తాయి, చల్లనివీ పనికొస్తాయి. ఇవి ఎందుకూ పనికిరాక నోట్లోంచి ఉమ్మేసే నీళ్లు. ఆ ఊరివాళ్లు ఆ వచనం వినగానే తలలు దించుకుని ఉంటారు. "నాకేమియు కొదువలేదని" చెప్పుకుంటున్నావు అన్న మాట కూడా అంతే. క్రీ.శ. 60లో భూకంపంతో ఊరు కూలితే, రోమా సాయం తీసుకోకుండా సొంత డబ్బుతో కట్టుకున్న ఊరది. చూశారా, మొదట విన్నవాళ్ల పక్కన కూర్చుంటే వచనం ఎలా పలుకుతుందో. ఈ గ్రంథమంతా ఇలాగే చదవాలి. వాళ్లకు ఏమాత్రం అర్థంకాని సంగతి ఏదైనా ఒక వచనానికి అర్థమని ఎవరైనా చెబితే, కొంచెం ఆగి చూడండి.

ఇప్పుడు మీరు ఆగిపోయిన ఆరో అధ్యాయం. మీరు అక్కడ భయపడటానికి కారణం నాలుగు, ఐదు అధ్యాయాలను మెట్లెక్కినట్టు గబగబా దాటేయడమేనని నా అనుమానం. గుర్రాలు రాకముందే సింహాసనం కనిపిస్తుంది. ముద్రలు విప్పేవాడు లేక యోహాను ఏడుస్తుంటే, పెద్దల్లో ఒకడు ఏడవవద్దు, యూదా గోత్రపు సింహం జయం పొందాడని చెబుతాడు. సింహం కోసం తలెత్తి చూస్తే కనిపించింది వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల. విన్నది సింహం, చూసింది గొఱ్ఱెపిల్ల. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఏడో అధ్యాయంలోనూ అదే జరుగుతుంది: లక్షా నలభై నాలుగు వేలమంది అని వింటాడు, కళ్లెత్తి చూస్తే లెక్కించలేని గొప్ప సమూహం. ఆ గుర్రాలను వదిలే ముద్రలు ఆ గాయపడిన చేతుల్లోనే ఉన్నాయి. ఆరో అధ్యాయంలోకి వెళ్లే ముందు రాత్రి ఐదో అధ్యాయం మళ్లీ చదువుకుని వెళ్లండి.

ఆరులో కూడా భయానికి మించిన సంగతులున్నాయి. నల్ల గుర్రం దగ్గర ఒక స్వరం దేనారానికి ఒక సేరు గోధుమలు, మూడు సేర్ల యవలు అంటుంది, నూనెనూ ద్రాక్షారసాన్నీ పాడుచేయవద్దంటుంది. దేనారం కూలివాడి ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఇచ్చేది అదే. రోజంతా ఒళ్లు వంచితే ఒక మనిషి తిండికి సరిపోయే గింజలు, పెళ్లాం పిల్లలకు ఏమీ మిగలదు. ఉన్నవాళ్ల నూనె, ద్రాక్షారసం మాత్రం పదిలం. కరువు ఎలా నడుస్తుందో మన తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రకటన గ్రంథానికి గోధుమల ధర తెలుసు, కూలివాడి ఆకలి తెలుసు. నన్ను ఈ పుస్తకం దగ్గరికి మళ్లీ లాక్కొచ్చింది ఆ సేరు గోధుమలే.

మీరు లెక్కల టీచరు కాబట్టి మృగం సంఖ్య 666 సంగతి తేలిగ్గానే పట్టుకుంటారు. 13:18 "ఒక మనుష్యుని సంఖ్య" అంటుంది, లెక్కించమంటుంది. ఆ రోజుల్లో హెబ్రీ అక్షరాలనే అంకెలుగానూ వాడేవారు. నెరోన్ కేసర్ (అంటే నీరో చక్రవర్తి) అన్న పేరును ఆ అక్షరాల్లో రాసి కూడండి: నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200. మొత్తం ఎంతో మీకే తెలుస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 666కు బదులు 616 ఉంది. పేరు చివరి నూన్ తీసేసి లాటిను పద్ధతిలో నెరో అని రాస్తే సరిగ్గా 50 తగ్గుతుంది. దీన్నిబట్టి చాలామంది పండితులు మొదటి పాఠకులకు ఇది నీరోను గుర్తు చేసిందంటారు. మృగం నీరోతోనే అయిపోయిందా, రాబోయేవాడికి నీరో ముంగుర్తా అన్నది వేరే చర్చ. మీ పుట్టింటివాళ్లు రెండోది అంటారు, వాళ్లకూ కారణాలున్నాయి.

ముద్ర గురించి మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. 13:16లో మృగం ముద్ర వేసేది కుడిచేతి మీద గాని, నొసటి మీద గాని. కుడిచెయ్యి, నొసలు అనగానే యూదుడికి ద్వితీయోపదేశకాండము 6:8 గుర్తొస్తుంది: దేవుని మాటలను చేతికి సూచనగా కట్టుకోవాలి, కన్నుల నడుమ "బాసికమువలె" ఉండాలి. పెళ్లి బాసికం మనకు తెలుసు, ఎవరు ఎవరికి చెందినవారో చెప్పే గుర్తు. 13వ అధ్యాయం ముగిసి 14 మొదలవగానే గొఱ్ఱెపిల్లతో ఉన్నవాళ్ల నొసళ్ల మీద తండ్రి పేరు కనిపిస్తుంది. ఒక ముద్రకు ఎదురు ఇంకో ముద్ర. మీరు ఎవరికి మొక్కుతారు, ఎవరికి చెందుతారు అన్నదే అక్కడి ప్రశ్న. ఆధార్ కార్డు తీసుకోవడం ఎవరికీ మొక్కడం కాదు. క్యూఆర్ కోడ్‌తో కూరగాయలు కొనడమూ కాదు. ఆ భయంతో రేషన్ వదులుకున్నవాళ్లను, పిల్లలకు టీకాలు వేయించనివాళ్లను చూశాను. ఆ పాపం యోహాను మీద వేయకూడదు.

ఇప్పుడు నోటుపుస్తకం. నా పాత పుస్తకం లాంటిది కాదు. ఎడమ పేజీ మీద "రాసి ఉన్నది", కుడి పేజీ మీద "విన్నది" అని పెట్టుకోండి. ఉదాహరణకు క్రీస్తువిరోధి అన్న మాట ప్రకటన గ్రంథంలో ఒక్కచోట కూడా లేదు, యోహాను పత్రికల్లోనే ఉంది. అక్కడ కూడా అప్పటికే "అనేకులైన క్రీస్తు విరోధులు" బయలుదేరారని ఉంది. "ఏడేళ్ల శ్రమ" అన్న లెక్కా ప్రకటనలో లేదు, అక్కడున్నవి నలభై రెండు నెలలు, 1260 దినాలు. నెలకు ముప్పై చొప్పున గుణిస్తే రెండూ ఒకటే. ఏడు అన్నది దానియేలు 9లోని చివరి వారాన్ని ఏడేళ్లుగా తీసుకుని, అక్కడి నుంచి తెచ్చి కలిపింది. కడపటి యుద్ధానికి రాజులు పోగయ్యే చోటు హార్‌మెగిద్దోను ఒక్కసారే వస్తుంది, 16:16లో. క్రీస్తు వెయ్యి సంవత్సరాల పాలన 20వ అధ్యాయంలో మాత్రమే. కుడి పేజీలో రాసినంత మాత్రాన అది తప్పని కాదు. వచనాన్ని వచనంతో కలిపి తీసిన అర్థం సరైనదే కావచ్చు. ఏది పునాది, ఏది దాని మీద కట్టిన గోడ అన్నది మీకు కనిపిస్తూ ఉండాలి, అంతే.

మీ రెండిళ్ల తేడా గురించి. వెయ్యేళ్లను సంఘం ఇప్పుడు నడుస్తున్న కాలంగా చూడటం అయిదో శతాబ్దపు బిషప్పు అగస్తీను నుంచి బలపడింది. లూథరన్లు, కతోలికులు, ఆంగ్లికన్లు చాలావరకు ఆ దారినే వచ్చారు. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హేయర్ అయ్యగారితో లూథరన్ బోధ మీ అత్తగారి వైపుకు వచ్చింది. సంఘం ముందు ఎత్తబడుతుంది, తర్వాత శ్రమలు, తర్వాత వెయ్యేళ్లు అన్న క్రమాన్ని 1830ల నుంచి విస్తరింపజేసినవాడు జాన్ నెల్సన్ డార్బీ, ఆయన బ్రదరెన్ ఉద్యమంవాడు. అదే ఉద్యమం నుంచి బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో మన దేశానికి వచ్చి, నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త చెప్పాయి. కాబట్టి మీ పుట్టింటి గోడ మీది చార్టుకూ, మీ మామగారి మౌనానికీ చరిత్ర ఉంది, ఎవరూ సొంతంగా కల్పించుకున్నవి కావు. ఆయన మళ్లీ వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు, న్యాయం జరుగుతుంది అన్న దగ్గర రెండిళ్లూ ఒకటే. మొదటి ఏడాది వెయ్యేళ్ల తగవులోకి దిగకండి. భోజనాల దగ్గర అసలే వద్దు.

తోడు మాట చెబుతానన్నాను. మీ మామగారిని అడగండి. నెలకోసారి మీ ఎడమ పేజీ ఆయనకు చూపించండి, అదే పేజీ మీ పుట్టింటి సంఘ పెద్ద ఒకరికీ చూపించండి. ఇద్దరూ ఒప్పుకున్నది ఒకటి, ఒప్పుకోనిది ఒకటి రాసుకోండి. అది చాలు. వీడియోలు చూడనన్నారు, అంత్యదినాల సందేశాలు పంపే గ్రూపుల్ని కూడా మూసిపెట్టండి. ఏ రాత్రయినా గుండె దడదడలాడితే ఆ రోజుకు పుస్తకం మూసేసి లూకా 21:28 చదివి పడుకోండి, తలలెత్తుకోమని ఉంటుంది అక్కడ. నిద్రలేని రాత్రులు వరసగా వస్తుంటే, అమ్మ పోయిన దుఃఖం ఇంకా లోపల ఉన్నట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి.

చివరగా, 14:13. ఆ వాక్యం ఎక్కడుందో చూడండి. మృగం, ముద్ర, 666 ఉన్న 13వ అధ్యాయానికి ఒక్క పేజీ అవతల, ముద్ర వేయించుకున్నవాళ్ల గురించిన హెచ్చరిక అయిన వెంటనే ఉంది. మీరు భయపడ్డ చీకటి మధ్యలోనే పరలోకం నుంచి స్వరం వినిపించి, రాయమని చెప్పింది: "ప్రభువునందు మృతినొందు మృతులు ధన్యులు." ఆ పైన ఆత్మ కలిపిన మాట, "వారు తమ ప్రయాసములు మాని విశ్రాంతి పొందుదురు; వారి క్రియలు వారివెంట పోవును." ప్రకటన గ్రంథం తెరవలేకపోతున్నానన్నారు. రెండేళ్ల కిందటే ఒక వచనం ఏరి, రాతి మీద చెక్కించారు. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు పాపను కూడా సమాధి దగ్గరికి తీసుకెళ్లండి. ఆ అక్షరాలు పాపనే పైకి చదవనివ్వండి. "ప్రయాసములు" అంటే ఏమిటని అడిగితే, అమ్మమ్మ తెల్లవారుజామున లేచి చేసిన పనులన్నీ ఒక్కొక్కటీ చెప్పండి.